డిగ్రీకి ఎంత పడుతుంది

మూఢం వచ్చింది.
వన్ టౌన్‌లో మా షావుకారు మొహం
కొలతకర్రలా బిగుసుకుపోయింది.
పెళ్లిళ్లు లేవు, పట్టుచీర అడిగే నాథుడు లేడు.
మేం ముగ్గురం మాత్రం
కౌంటరు వెనక నేలమీద కాళ్లు చాపి
చీర అట్టపెట్టె మీద సముద్రం గీస్తున్నాం.

గీసేది సువార్త. దానికి బొమ్మలొచ్చు.
చింతగింజంత హేవలాక్, ఆవగింజంత నీల్,
నడుమ ఒక పడవ,
పడవలో మూడు చుక్కలు.
"మధ్య చుక్క నేను" అంది నాగూర్ బీ,
"అంచున కూర్చుంటే నాకు కళ్లు తిరుగుతాయి."

పదకొండు నెలలు, తలా పదిహేనొందలు.
బియ్యం డబ్బా అడుగున, పాత జాకెట్ ముక్కలో చుట్టి
నలభై తొమ్మిది వేల అయిదొందలు.
ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
చెప్తే అది ఫ్రిజ్ అయిపోతుంది,
లేదంటే మరిది బండికి మొదటి వాయిదా.

ఓడైతే చవకట, విశాఖ నుంచి.
ఎప్పుడు కదులుతుందో మాత్రం
ఓడకే తెలియదట.
విమానం రేటు పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి.
మా షావుకారే నయం,
కనీసం బేరమాడనిస్తాడు.
వేసవి సెలవులు కదా, అక్కడా సీజనే,
పిల్లలున్నవాళ్లంతా ఒక్కసారే నీళ్లకేసి కదిలితే
గది అద్దె రెట్టింపు.
మాకు ఒక్క గది చాలు.
మంచం మీద ఇద్దరు, కింద ఒకరు, వంతులవారీ.
కరెంటు కుక్కరు నాది, కందిపొడి, గోంగూర సువార్తవి.
చేప అక్కడే కొంటాం,
సముద్రం నడిబొడ్డున చేపకి ఎంత చెప్తారో
అదీ చూద్దాం.

"ఇంతా చేసి, అక్కడ ఎండుండదా?"
ఫోన్లో చూశాను.
ఇక్కడ నలభై ఆరు. అక్కడ ముప్ఫై ఒకటి.
నాగూర్ బీ వేళ్లు మడిచింది, మళ్లీ మడిచింది.
"పదిహేను. అయితే డిగ్రీకి ఎంత పడుతుంది?"

బిల్లుల కాలిక్యులేటర్ లాక్కుని కొట్టాను.
మూడువేల మూడొందలు.
మనిషికి పదకొండొందలు.
నవ్వుదామనుకున్నాం, నవ్వు రాలేదు.
సువార్తది కొండమీద రేకుల ఇల్లు.
నూటపన్నెండు మెట్లు, ప్రతి బిందెకీ.
పగలంతా ఎండ తాగిన బండ
రాత్రి పదిగంటలకి దాన్ని కక్కుతుంటుంది.
"నాకు ఏడు డిగ్రీలు కొనండి చాలు,
మిగిలిన డబ్బుతో రేకులకి సున్నం వేయిస్తా"
అన్నాక, అప్పుడు నవ్వాం,
షావుకారు తల తిప్పి చూసేదాకా.

ఆదివారం నాగూర్ బీకి పరీక్ష పెట్టాం.
పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి పడవ.
చేతిలో నిమ్మకాయ, బుగ్గన లవంగం,
కళ్లు గట్టిగా మూసుకుని
"సముద్రం వచ్చిందా?"
"లేదే, ఇది కృష్ణే."
"ఇప్పుడు?"
బ్యారేజీ ఆపిన నీళ్లు, కదలమంటే కదలవు,
మోటారు లేపిన అల ఒక్కటే
మా వెనక వస్తూ వస్తూ అలిసిపోయింది.
దిగాక చూసుకుంటే వాంతి లేదు,
నిమ్మరసం మాత్రం మోచేతిదాకా.

మర్నాడు సువార్త
అట్ట మీద ఇంకో దీవి గీసింది,
ఉన్న రెండింటికంటే చాలా పెద్దది.
తప్పు కదే, ఇది అంత ఉండదే అన్నాను.
"నేను కాలుపెట్టింది దీన్లోనేగా" అంది,
చెరపలేదు.

షావుకారు క్యాలెండర్లో
మూఢం పోయే తేదీకి ఎర్రసున్నా చుట్టాడు.
సున్నాకి ఇవతల ఇరవై మూడు గళ్లు.
రోజూ భోజనాల వేళ ఓడ ఆఫీసుకి ఫోన్ చేస్తాను.
"ఇంకా తేదీ రాలేదండీ, లైన్లో ఉండండి."
ఆ మనిషి ఎటో వెళ్తాడు.
గొంతు పోయిన చోట ఏదో హోరు.
స్పీకర్లో పెడతాను.
అది సముద్రమే అంటుంది నాగూర్ బీ.
ఫ్యానే అంటాను నేను.
సువార్త సగం మడిచిన చీర ఒళ్లో పెట్టుకుని
"ఏదైతేనేం, పెట్టేయకు" అంటుంది.